ముందు గదిలో అట్టపెట్టెలు

1, సోమవారం

వెళ్ళనివ్వను. ముందు ఆ మాట రాసుకున్నాను, ఇక మిగతా సంగతులు.

మధ్యాహ్నం మా చెల్లెలి భర్త వచ్చాడు. బైపాస్ రోడ్డు మీది ఆన్‌లైన్ గోడౌనులో సూపర్‌వైజరు అయినప్పటి నుంచి మెడలో కార్డు తీయడం మానేశాడు. స్నానానికైనా తీస్తాడో లేదో చెల్లెల్ని అడగాలి.

"వదినా, వచ్చే నెల ఒకటి నుంచి అన్నయ్యకి మా దగ్గర చోటుంది. బరువులెత్తే పని కాదు. పెట్టెల మీద చీటీలు అంటించడమే. ఫ్యాన్ కింద కూర్చునే ఉద్యోగం" అన్నాడు.

ఈయన ఉలి కింద పెట్టి "చూద్దాం" అన్నారు. ఈయన భాషలో చూద్దాం అంటే సరే అని అర్థం. పెళ్ళిచూపులప్పుడు కూడా ఆ మాటే అన్నారు.

చేతిలోంచి కుర్చీ తప్ప ఇంకోటి రాని మనిషి. ఇంకెవరో చేసిన సామాను మీద చీటీలు అంటిస్తూ కూర్చుంటే ఆరు నెలల్లో మంచం పడతారు. నాకు తెలుసు.

అసలు దీనంతటికీ కారణం ఆ ఫోనే. ముందు గదిలో, అంటే నా షాపులో, జనం వచ్చి ప్రతి కుర్చీలోనూ కూర్చుంటారు, వీపు ఆనించి చూస్తారు, ఫొటో తీసుకుంటారు, ఇంటికెళ్ళి అలాంటిదే ఫోన్లో కొంటారు. మనమూ ఫోన్లోనే అమ్ముదాం అని మా అమ్మాయి పోరు పెట్టి, మా కుర్చీని ఆన్‌లైన్లో పెట్టించింది. మామూలు కుర్చీ పెట్టెలో పట్టదు కదా. అందుకని విడి భాగాలుగా పంపితే కొన్నవాళ్ళే ఇంట్లో బిగించుకునే రకం ఒకటి ఈయన తయారు చేశారు. కొనేవాళ్ళు బాగానే కొంటున్నారు. కానీ పోయినవాటిలో దాదాపు సగం తిరిగొస్తున్నాయి.

ఇవాళ కంపెనీ నుంచి మెసేజ్. ఈ నెలలో వాపసులు తగ్గకపోతే ఒకటో తారీఖు నుంచి మా కుర్చీలు ఫోన్లో కనిపించవట. మూలిగే నక్క మీద తాటిపండు.

తిరిగొచ్చిన పెట్టెలు ముందు గదిలో ఒక మూల పెట్టించాను. ఒక్క మూలే.


2, మంగళవారం

వాపసు పంపినవాళ్ళు రాసిన మాటలన్నీ ఈయనకి చదివి వినిపించాను. ఊగుతోంది. కాలు సగమే దిగింది. బోల్టు పట్టడం లేదు. ఒకాయనైతే, కూర్చుంటే పడవెక్కినట్టుంది అని రాశాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట" అని ఈయన లేచి, తిరిగొచ్చిన పెట్టె ఒకటి విప్పి, పనిబల్ల మీద వేసి, టీ చల్లారేలోపు బిగించేశారు. "ఎక్కి నిలబడు" అన్నారు నాతో.

"ఈ వయసులోనా?"

"ఎక్కు."

ఎక్కాను. నేనేమీ గాలికి ఎగిరిపోయే మనిషిని కాదు. అయినా కుర్చీ కదల్లేదు.

"ఊగిందా?"

"లేదు."

"మరి?" అని పనిలోకి వెళ్ళిపోయారు. ఏదో గెలిచినట్టు ఆ నడకొకటి. మా ఇంట్లో ఊగని కుర్చీ వాళ్ళ ఇంట్లో ఎందుకు ఊగుతోందో చెప్పకుండా గెలుపేమిటి?


4, గురువారం

మా పెట్టెలు తీసుకెళ్ళే వ్యాన్ డ్రైవరుకి నేను తొందరయ్య అని పేరు పెట్టుకున్నాను. ఇంజను ఆపకుండానే దిగుతాడు.

"అక్కా, తొందరగా సంతకం. మీ కుర్చీలకి రానూపోనూ టిక్కెట్టు కొట్టించినట్టున్నారు కదా. పొద్దున ఎక్కిస్తాను, వారం తిరక్కుండా దించుతాను."

నవ్వొచ్చింది, కడుపు మండింది, రెండూ ఒకేసారి.

సాయంత్రం ఎవరో ఆవిడ ఫోన్లో మెసేజ్ పెట్టింది. "నేను నర్సుని. నైట్ డ్యూటీ చేసొచ్చి మీ కుర్చీతో కుస్తీ పట్టాను. దమ్ముంటే మీరొచ్చి బిగించి చూపించండి" అని. కింద అడ్రసు, ఫోను నంబరు. కోపంలో ఇచ్చిందని తెలుస్తూనే ఉంది.

ఆదివారం వస్తున్నానమ్మా అని జవాబు రాశాను.


6, శనివారం

ముందు గదిలో రెండు మూలలయ్యాయి. నడవడానికి ఇంకా బోలెడు చోటుంది.


7, ఆదివారం

"ఎవరింటికో వెళ్ళి బతిమాలుకునే ఖర్మేంటి మనకి" అన్నారు ఈయన చెప్పులేసుకుంటుంటే.

"బతిమాలడానికి కాదు. చూడ్డానికి."

మూడో అంతస్తు, లిఫ్టు లేదు. నర్సు తలుపు తీసి నన్ను చూసి కంగారుపడిపోయింది. నిజంగానే వస్తానని అనుకోలేదట. "అయ్యో, కోపంలో రాశాను ఆంటీ" అంది. మంచి పిల్ల. కళ్ళ కింద నలుపు. ఇంట్లో ఒక్కతే ఉంటున్నట్టుంది, గదంతా సర్దుకుని ఉంది, మా కుర్చీ కాళ్ళు మాత్రం గోడకి ఆనించి ఉన్నాయి.

"నేను బిగించను. నువ్వు బిగించమ్మా, నేను చూస్తాను. నేనిక్కడ లేననుకో" అన్నాను.

నోరు మూసుకుని కూర్చోవడం ఎంత కష్టమో ఇవాళ తెలిసింది. అంత కష్టం కాన్పుల్లో కూడా పడలేదు. చేతులు చీర కొంగులో చుట్టుకుని కూర్చున్నాను.

ఆ పిల్ల కాగితం చదివింది. మేం కాళ్ళ మీద వేసిన 'ఎడమ', 'కుడి' గుర్తులు చూసుకుంది. సీటు చట్రాన్ని నిలబెట్టి పట్టుకుని, ఎదురుగా కూర్చుని, తన ఎడమ చేతి వైపు 'ఎడమ' కాలు పెట్టింది. కుడి చేతి వైపు 'కుడి' కాలు. అంతా కాగితంలో ఉన్నట్టే, పద్ధతిగా. బోల్టు సగం దిగి ఆగిపోయింది. ఆ పిల్ల నా వైపు చూసింది.

అప్పుడు అర్థమైంది నాకు.

మేం కుర్చీని తలకిందులుగా బిగిస్తాం. ఈయనా అంతే, ఈయనకి పని నేర్పిన మా మామగారూ అంతే. బల్ల మీద సీటు బోర్లించి, కాళ్ళు ఆకాశానికి పెట్టి, అప్పుడు ఎడమ చేతికి వచ్చేదాన్ని ఎడమ కాలు అంటాం. దాన్ని నిలబెట్టి ఎదురుగా చూస్తే ఆ కాలు కుడి వైపు ఉంటుంది. మా కుర్చీకి ముందు వెడల్పెక్కువ, వెనక తక్కువ, అందుకని కాళ్ళ బెజ్జాలు ఏటవాలుగా తీస్తాం. కాలు మారితే బోల్టు దిగదు. బలవంతంగా దించితే ఊగుతుంది.

కుర్చీని తలకిందులుగా చూసే ఇల్లు ప్రపంచంలో మాదొక్కటే అయినట్టుంది. ఇన్ని నెలలు జనానికి తెలివి లేదని తిట్టుకున్నాం.

కాళ్ళు అటూ ఇటూ మార్చి పెట్టమన్నాను. గట్టిగా నిలబడింది. నర్సు కూర్చుని, వెనక్కి వాలి, "అబ్బ" అంది. నాకు ఆ మాట చాలు. వస్తుంటే మెట్ల దాకా వచ్చి సాగనంపింది.


8, సోమవారం

చెప్పాను. పూసగుచ్చినట్టు చెప్పాను.

"ఎడమ ఎడమే" అన్నారు ఈయన. "బల్ల మీద పెట్టి బిగించమని రాయి కాగితంలో."

"ఎవరింట్లో ఉంటుందండీ పనిబల్ల?"

"అయితే నేల మీద బోర్లించుకోమను."

"ఎవరూ బోర్లించరు. కుర్చీ అంటే నిలబడి ఉండేదే వాళ్ళకి."

"వాళ్ళకి చేతకాకపోతే నా పనితనం మార్చుకోవాలా?"

ఈయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు. కుర్చీకి మాత్రం నాలుగుండాలి కదా మహానుభావా అన్నాను. నవ్వలేదు.


9, మంగళవారం

మాటల్లేవు. టీ బల్ల మీద పెట్టి వచ్చేశాను.


12, శుక్రవారం

ఇవాళ షాపుకి భార్యాభర్తలు వచ్చారు. అయిదు కుర్చీల్లో కూర్చున్నారు. ఆయన నడుం నొప్పి సంగతి, ఆవిడ ఆఫీసు సంగతి అన్నీ చెప్పారు. ఎత్తు కొంచెం తక్కువైతే మోకాళ్ళకి హాయి అని నేనే చూపించాను. నేను మనిషిని చూసి ఏ కుర్చీ నప్పుతుందో చెప్పగలను, అందులో గొప్పేం లేదు, ఇన్నాళ్ళూ చేసిన పని అదే. సంతోషంగా ఫొటో తీసుకుని వెళ్ళారు. మళ్ళీ వస్తామన్నారు. ముఖాలు చూస్తే వచ్చేవాళ్ళలాగే ఉన్నారు.

షాపుకి ఏమీ కాదు. ఆన్‌లైన్ గొడవ సర్దుకుంటే షాపు దాని మానాన అది నడుస్తుంది.

సాయంత్రం మరిది మళ్ళీ వచ్చాడు. యూనిఫాం చొక్కాకి కొలత కావాలన్నాడు. వద్దంటారనుకుని తలుపు దగ్గరే నిలబడ్డాను. ఈయన లేచి, చేతులు చాపి, కొలత ఇచ్చారు.

ఎవరో తనిఖీ చేస్తుంటే నిలబడినట్టు నిలబడ్డారు.

మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. మొండివాడి పెళ్ళాం సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్తాను.


14, ఆదివారం

చెప్పాను.

భోజనాలయ్యాక హాల్లో నేల మీద ఒక పెట్టె పెట్టాను. మనదే, టేపు కూడా తీయనిది. "ఇది బిగించండి" అన్నాను.

"ఇదేం ఆట?"

"ఆటే. మూడు షరతులు. హాలు దాటి వెళ్ళకూడదు. కుర్చీని బోర్లించకూడదు, నిలబెట్టే బిగించాలి. కాగితంలో ఉన్నట్టు చేయాలి."

"ఇది నేను నిద్రలో బిగిస్తాను."

"మెలకువగానే బిగించండి, చూద్దాం."

చూద్దాం అన్న మాట ఈయన మాటని తెలిసే అన్నాను. రోషం వచ్చింది. పెట్టె విప్పారు. నేల మీద కూర్చోవడం అలవాటు లేదు, మోకాళ్ళు పట్టేశాయి. చట్రం నిలబెట్టుకుని ఎదురుగా కూర్చుని, 'ఎడమ' అన్న కాలు తీసి ఎడమ వైపే పెట్టారు. నేను చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. బోల్టు సగం దిగింది. తిప్పారు. ఇంకాస్త గట్టిగా తిప్పారు. కాలు తీసి, బెజ్జంలోకి ఊది, మళ్ళీ అక్కడే పెట్టారు. నర్సు చేసినట్టే, అచ్చంగా.

నాలుగు కాళ్ళూ ఎలాగో పెట్టి కుర్చీ నిలబెట్టారు. కూర్చున్నారు. అది ఓ పక్కకి ఒరిగింది.

నవ్వుదామనే అనుకున్నాను. రోజంతా దానికోసమే ఎదురుచూశాను. కానీ ఈయన ముఖం చూశాక నవ్వు రాలేదు. తన కుర్చీ తన కిందే ఊగితే ఎలా ఉంటుందో నేను ఊహించలేదు. ఒక చేయి నేలకి ఆనించి అలాగే దానిమీద కూర్చున్నారు.

"ఎంతమంది ఇలా కూర్చుని ఉంటారే?" అన్నారు చివరికి.

చేయి పట్టి లేపాను.


15, సోమవారం

పొద్దున్నుంచీ వర్క్‌షాపు తలుపు వేసే ఉంది. లోపల రంపం చప్పుడు. భోజనానికి పిలిస్తే "ఊఁ" అన్నారు, రాలేదు. కోపం చప్పుడు నాకు తెలుసు. ఇది అది కాదు.


17, బుధవారం

కాళ్ళ మీద గుర్తులు తీసేశారు. ఎడమా లేదు, కుడీ లేదు. ఒక కాలికి ఒక కొయ్యచీల, దాని జోడుకి రెండు. చట్రంలో ఒక పక్క ఒక బెజ్జం, రెండో పక్క రెండు. వెనక కాళ్ళకి చీలలు లావు, ముందువాటికి సన్నం. ఏ కాలు దాని చోట తప్ప ఇంకో చోట దూరదు.

"తప్పుగా పెడదామన్నా పెట్టలేరు" అన్నారు నా ముఖం చూడకుండా. "నిలబెట్టుకుంటారో, బోర్లించుకుంటారో, పడుకోబెట్టుకుంటారో వాళ్ళిష్టం."

"మీ పనితనం మార్చుకున్నారా?"

"మార్చుకోలేదు. ఇంకో బెజ్జం కొట్టాను."

అలాగే కానీండి.


20, శనివారం

తొందరయ్యని ఆపాను. పెట్టె ముందర పెట్టి, కాగితం తీసి దాచేసి, బిగించమన్నాను.

"అక్కా, నాకు ఇంకా ఊరంతా ఉంది తిరగడానికి!"

"అందుకే నిన్ను అడిగేది. నీ తొందరలో కూడా కుదిరితే ఎవరికైనా కుదురుతుంది."

గొణుక్కుంటూ మొదలుపెట్టాడు. ఒక కాలు తప్పుచోట గుద్దాడు, దూరలేదు. తిప్పి చూశాడు, పక్కన పెట్టాడు, దిగిపోయింది. తర్వాత తడుముకోలేదు. అయ్యాక దానిమీద కూర్చుని కాలు మీద కాలేసుకున్నాడు. వ్యాన్ ఇంజను ఆపి రావడం నేను చూడ్డం అదే మొదలు. ఈయన వర్క్‌షాపు గుమ్మంలోంచి చూస్తున్నారు. చూడనట్టు నటించడం రాదు ఈయనకి.

గోడౌనులో ఉన్న పాత పెట్టెలన్నీ వెనక్కి తెప్పించి కాళ్ళు మార్చి పంపుతున్నాం. చేతులు నొప్పులు. ఫరవాలేదు.


22, సోమవారం

ముందు గదిలో మూడో మూల కూడా వాడాల్సి వచ్చింది. నెలాఖరు వరకే. షాపు కుర్చీలు నాలుగు వరండాలోకి జరిపాను. లోపలికి వచ్చేవాళ్ళు కొంచెం పక్కకి తిరిగి నడిస్తే సరిపోతుంది.


27, శనివారం

ఈ వారం వెనక్కి వచ్చింది ఒక్కటి. ఎందుకని చూస్తే, గోడ రంగుకి నప్పలేదట. ఈయన ఆ మాట నాతో రెండుసార్లు చదివించుకున్నారు.

"గోడ తప్పు" అన్నారు. చాలాకాలానికి నవ్వారు.


30, మంగళవారం

కంపెనీ మెసేజ్ వచ్చింది. మా కుర్చీలు ఉంటాయి.

మరిది చొక్కా తెచ్చాడు. నీలం రంగు, జేబు మీద కంపెనీ గుర్తు, కవరు కూడా విప్పలేదు. నేను వంటింట్లోంచి బయటికి రాలేదు. వస్తే ఏదో ఒకటి అనేస్తానని భయం. ఇది ఈయన నోటితో రావాలి.

"తమ్ముడూ, కొలత ఇచ్చాను, నా తప్పే" అంటున్నారు ఈయన. "ఈ చొక్కా నాలాంటి ఒడ్డూపొడుగు ఉన్నవాడికి ఎవరికైనా ఇచ్చెయ్. నాకు ఇక్కడ పనుంది."

"ఆలోచించుకో అన్నయ్యా. ఈ ఆన్‌లైన్ నాలుగు రోజులు ఉంటుంది, పోతుంది..."

"అది పోతే నీ గోడౌనూ పోతుంది కదరా!"

మరిది కూడా నవ్వాడు. చెడ్డవాడు కాదు. మా మంచికే చేశాడు.

ఇంట్లో ఎవరూ చూడకుండా ఏడ్చాను. గెలిచాక ఏడుపెందుకని నన్ను నేనే అడిగాను. ఏడుపు మాత్రం చాలాసేపు వచ్చింది.


9, గురువారం

ఆర్డర్లు పెరిగాయి. పెట్టెలకి చోటు కావాలి, ఒత్తుగా సర్దడానికి బల్ల కావాలి, టేపు వేసే మనిషికి నిలబడే చోటు కావాలి. వర్క్‌షాపులో రంపపు పొట్టు పడుతుంది, అక్కడ కుదరదు.

ఈయన మూడు రోజులుగా ఏదో చెప్పబోయి మానేస్తున్నారు. నేనే అన్నాను. "ముందు గది తీసుకోండి."

"నీ షాపు?"

"షాపు ఎక్కడికీ పోదు. చోటు మారుతుందంతే."

ఎక్కడికి మారుతుందని ఈయన అడగలేదు.

షాపు కుర్చీలన్నీ నేనే విప్పాను. పాత రకం, జిగురు పెట్టినవి విడిపోవు, వాటిని చెల్లెలింటికి పంపాను. షాపు కిటికీ అద్దం మీద ఉన్న 'రండి, కూర్చుని చూడండి' అన్న అక్షరాలు గోరుతో గీకాను. 'రండి' మాత్రం పూర్తిగా ఊడలేదు.


17, శుక్రవారం

పెట్టెలకి టేపు వేస్తున్నాను. ఒకావిడ లోపలికి తొంగి చూసింది. వాళ్ళ నాన్నకి మోకాళ్ళ ఆపరేషన్ అయిందట, లేచి కూర్చోవడానికి వీలైన కుర్చీ కావాలట.

"ఇక్కడ కూర్చుని చూడొచ్చా ఆంటీ?"

చుట్టూ చూశాను. నాలుగు గోడలకీ అట్టపెట్టెలు, పైకప్పు దాకా. కుర్చీలు తయారు చేసే ఇంట్లో, వచ్చిన మనిషి కూర్చోవడానికి ఒక్క కుర్చీ లేదు. ఇక్కడ అమ్మడం లేదమ్మా, ఫోన్లో చూడు, అనాల్సిందే. నోటిదాకా వచ్చింది.

"ఉండమ్మా" అన్నాను. ఒక పెట్టెకి అప్పుడే వేసిన టేపు చింపి, నేల మీద కూర్చుని, నిలబెట్టే బిగించాను. ఆవిడ ఒక కాలు పట్టుకుంది. వాళ్ళ నాన్న ఎంత పొడుగు, ఏ మోకాలు, చేతులు ఆనించి లేస్తారా, ఎవరైనా పట్టుకుంటారా అన్నీ అడిగాను. ఆవిడ కూర్చుంది, లేచింది, మళ్ళీ కూర్చుంది. మోచేతులు ఎక్కడ ఆనించాలో చూపించాను. ఇదే సరైనదని ఇద్దరికీ తెలిసిపోయింది. నా చేతులు తేలికైపోయాయి.

"చాలా బాగుంది ఆంటీ. ఇంటికెళ్ళి ఫోన్లో ఆర్డరు పెడతాను."

"ఇక్కడే తీసుకెళ్ళొచ్చు కదమ్మా."

"ఎవరు మోస్తారు ఆంటీ? వాళ్ళయితే గుమ్మంలోకి తెచ్చిస్తారు" అంది నవ్వుతూ. నిజమే మరి. థాంక్స్ చెప్పి వెళ్ళింది.

టీ తాగుతుండగా ఫోన్లో ఆర్డరు మోగింది. అడ్రసు చూశాను. ఆవిడదే, మా వెనక వీధి. వర్క్‌షాపు కిటికీలోంచి చూస్తే వాళ్ళ పిట్టగోడ కనిపిస్తుంది.

తొందరయ్య వస్తే చెప్పాను. "ఇది నేను చేత్తో ఇచ్చొస్తాను, వెనక వీధే కదా."

"కుదరదు అక్కా. గోడౌనులో స్కాన్ పడాలి. లేకపోతే ఇవ్వలేదని లెక్క."

కాబట్టి అది బైపాస్ రోడ్డుకి వెళుతుంది, మా మరిది మనుషులు చీటీ అంటిస్తారు, ఇంకో వ్యాన్ ఎక్కి ఊరంతా చుట్టి, ఎప్పటికో మా వెనక వీధికి చేరుతుంది.

తొందరయ్యని కాసేపు ఆగమన్నాను. పేర్చి ఉన్న పెట్టెల్లోంచి ఒకటి తీసి ఇచ్చేయొచ్చు, అన్నీ ఒకటే. కానీ మనసొప్పలేదు. ఆవిడ కూర్చుని మెచ్చుకున్న కుర్చీనే విప్పాను, కాళ్ళు తుడిచాను, వాళ్ళ నాన్న చేతులు ఆనించే చోట ఇంకోసారి తుడిచాను, పెట్టెలో సర్ది టేపు వేశాను. అతను ఇంజను ఆన్ చేసుకునే నిలబడ్డాడు.

కంపెనీ లెక్కలో అది ఫోన్లో పోయిన కుర్చీ. నా లెక్కలో ఈ నెల నేను అమ్మింది అదొక్కటే.